పోలిక బడి

చీటీలు తీసినప్పుడు వచ్చిన వరుస ప్రకారం
బైరెడ్డిపల్లె దాటినాక గుట్ట కింద ఉన్న ఆ బడికి
ఏమీ ఇవ్వకూడదు.
బొమ్మల కార్డులు ఇవ్వకూడదు,
మెట్లు మెట్లుగా రాసిన పాఠాలు ఇవ్వకూడదు,
శిక్షణకు అయ్యోరిని పిలవకూడదు.
మొదటి నమూనా నలభై బళ్ళకు, రెండోది ఇంకో నలభైకి,
ఇది మూడో వరుస. పోలిక బడి.
ఏడాది మొదట్లో ఒకసారి కొలవాలి, చివర్లో ఒకసారి.
మధ్యలో మరిచిపోవాలి.

మరిచిపోయినాము.

మార్చిలో పోతే చెంగల్రాయులు సారు
కుర్చీ తుడిచి వేసినాడు.
ఐదు తరగతులు, ఒక వసారా, ఒక మనిషి.
"మాకేమీ ఇయ్యలేదు గదా సార్,
మళ్ళీ ఏం కొలుచుకుందామని వచ్చినారు?"
గొంతులో కోపం లేదు.
పాలకేంద్రంలో క్యాను దించి
ఫ్యాట్ ఎంతొచ్చిందని అడిగినట్టు అడిగినాడు.

నా దగ్గర జవాబుంది, మూడు రోజులు నేర్పించిన జవాబు:
"ఎరువేసిన మడి పక్కన వెయ్యని మడి ఉంటేనే కదా సార్
ఎరువు సంగతి తెలిసేది."
ఆయన తలూపినాడు.
"నిజమే.
వెయ్యని మడిలో పైరుకు ఆ మాట ఎవరు చెప్తారు?"

పూజిత, మూడో తరగతి.
ట్యాబ్‌లో నిమిషం ముల్లు తిరుగుతావుంది.
పేరాలో ఏనుగు చెరుకు తిని అడవికి పోవాల.
పంతొమ్మిది పదాలు చదివి
'ఏనుగు' మీద వేలు ఆపింది ఆ పాప.
"మొన్న రాత్రి మా టమేటా తోటలోకి మూడొచ్చినాయి సార్.
చిన్నది డ్రిప్పు పైపు నమిలి ఊసేసింది.
మా నాయన డబ్బా కొట్టినాడు, మాయమ్మ నా నోరు మూసింది.
పొద్దున చూస్తే అడుగుల గుంతల్లో నీళ్ళు నిలబడినాయి.
ఒక్కోదాంట్లో నా రెండు పాదాలూ పట్టినాయి. కొలిచినా."
ముల్లు ఆగింది.
స్థాయి: పదం. వాక్యం కాదు.
నేను నొక్కాల్సిన గడి అదే. నొక్కినాను.

లెక్కల దగ్గర మాత్రం నా వేలే తడబడింది.
భాగహారం రాదనుకున్న పిల్లోళ్ళు
చుక్క తర్వాత అంకెలు కూడా చెప్తావున్నారు.
అప్పుడు చూసినాను, గోడకు దారం కట్టి వేలాడదీసిన పాల చీటీలు,
తారీకు, లీటర్లు, ఫ్యాట్, రేటు,
కొన్నిట్లో సిరా చెమటకు అలుక్కుపోయింది.
రోజూ ఇంటి చీటీ తెచ్చి
ఎంత రావాలో, ఎంత ఇచ్చినారో
రెండూ పలక మీద వేసేది బడి మొదటి గంట.
"ఇది ఏ నమూనా సార్?"
"నమూనానా?
జనవరిలో కుప్పాయమ్మకు పదకొండు రూపాయలు తక్కువిచ్చినారు.
ఆమె మనవడే పట్టుకున్నాడు.
ఆ పొద్దు నుంచీ ఒక్కరూ మొదటి గంట పోగొట్టుకోవడం లేదు."

తిరుపతిలో, రేణిగుంట రోడ్డు మీద మేడపైన మా ఆఫీసు.
ఏసీ నీళ్ళు బకెట్లో పడతావున్నాయి బొట్టు బొట్టుగా.
తెర మీద మొదటి నమూనా కొంచెం పైకి,
రెండోది ఇంకొంచెం.
మూడో వరుసలో ఒకే ఒక్క చుక్క
మందలోంచి తప్పుకున్న మేకపిల్ల మాదిరి
ఎక్కడో అంచున నిలబడింది.
వైజయంతి మేడం కళ్ళద్దాలు పైకి తోసి
"ఇక్కడ ఎవరో ఏదో ఇచ్చినట్టున్నారు. తీసేసి చూద్దాం" అనింది.
తప్పు మాట కాదు, నేనైనా అదే అనుండేవాడిని.
తీసేస్తే గీత నున్నగా వచ్చింది,
డబ్బు పెట్టినోళ్ళకు చూపించను పనికొచ్చేంత నున్నగా.

పాల చీటీల సంగతి చెప్పినాను.
"బాగుంది, అనుబంధంలో రాయండి.
నాలుగు వాక్యాలు దాటకుండా."

మూడు రాసినాను.
సారు, చీటీలు, పదకొండు రూపాయలు.
నాలుగోదాంట్లో
ఏనుగు అడుగు పట్టడంలా.